ఏడాదికొకసారి ఇల్లు: దక్షిణాఫ్రికా బంగారు గనుల కథ

వ్యాధి నడిచిన దారులు – ఆరో భాగం

1886లో దక్షిణాఫ్రికాలోని విట్వాటర్స్‌రాండ్ (క్లుప్తంగా రాండ్) గుట్టల మీద, లాంగ్లాగ్టె అనే పొలంలో బంగారం బయటపడింది. పశువులు మేసే ఆ బీళ్ల మధ్య జొహానెస్‌బర్గ్ పుట్టుకొచ్చి, పదేళ్లు తిరిగేసరికి లక్ష జనాభా దాటింది. ఆ బంగారం తవ్వడానికి నూరేళ్ల పాటు చుట్టుపక్కల దేశాలన్నింటి నుంచీ మగవాళ్లు పల్లెలు విడిచి వస్తూ పోతూ ఉన్నారు. వాళ్లతో పాటు క్షయ ప్రయాణించింది, సిఫిలిస్ ప్రయాణించింది, చివరికి హెచ్‌ఐవీ ప్రయాణించింది.

కిందటి భాగం కాంగో నది ఒడ్డున, ఇప్పుడు కిన్షాసా అని పిలిచే లియోపోల్డ్‌విల్ దగ్గర ఆగింది. బెల్జియం పాలకులు కూలి పనికి మగవాళ్లను రప్పించి కుటుంబాలను దూరం పెట్టిన ఆ నగరంలో 1920ల ప్రాంతంలో హెచ్‌ఐవీ వేళ్లూనుకోవడం, 1959లో తీసిన ఒక రక్తపు నమూనాలో అది తర్వాతి కాలంలో బయటపడడం ఆ భాగంలో వచ్చాయి. అక్కడి నుంచి వైరస్ రైలు మార్గాల వెంట ఎంబుజీ మాయి, లుబుంబాషీ వంటి గనుల పట్టణాలకు చేరింది. ఆ ప్రాంతం నుంచి దక్షిణానికి దిగిన రకాన్ని శాస్త్రజ్ఞులు సబ్‌టైప్ సి అంటారు. అది వచ్చేనాటికి దక్షిణాన దాని కోసమే పరిచినట్టున్న దారి ఒకటి సిద్ధంగా ఉంది. ఆ దారి ఎలా పడిందన్నదే ఈ భాగం.

రాయిలో బంగారం తక్కువ

రాండ్ బంగారానికి ఒక చిక్కు ఉంది. నిల్వ అపారం, కానీ రాయిలో సరుకు తక్కువ. టన్ను రాయి పగలగొట్టి, పిండి చేసి, సైనైడ్ ద్రావణంలో నానబెడితే చేతికొచ్చేది కొద్ది గ్రాములు. బంగారపు పొర ఏటవాలుగా భూమిలోకి దిగిపోతుంది కాబట్టి ఏటికేడు మరింత లోతుకు తవ్వాలి. ఖర్చు పెరిగిందని సరుకు ధర పెంచుకునే వీలు లేదు. బంగారం ధరను అంతర్జాతీయంగా స్థిరపరిచి ఉంచారు. యంత్రాలూ డైనమైటూ బయటి నుంచి కొనాలి. తెల్ల పనివాళ్లకు సంఘాలున్నాయి, ఓటుంది. వాళ్ల జీతం మీద చెయ్యి వేస్తే గొడవే. ఇక కోత పెట్టడానికి మిగిలింది నల్లవాళ్ల కూలి.

మిగతా అన్ని విషయాల్లో ఒకరినొకరు ముంచుకోవడానికి చూసిన గని యజమానులు ఈ ఒక్క విషయంలో చేతులు కలిపారు. 1889లో చాంబర్ ఆఫ్ మైన్స్ ఏర్పడింది. కూలీల కోసం పోటీపడి గనులు రేట్లు పెంచకుండా చూడడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఆ పని అది ఎంత శ్రద్ధగా చేసిందో ఆర్థికవేత్త ఫ్రాన్సిస్ విల్సన్ లెక్క చెబుతుంది: పెరిగిన ధరలు తీసేసి చూస్తే 1969లో నల్ల గని కార్మికుడి కూలి 1911 నాటి కూలి కంటే ఎక్కువేమీ లేదు.

ఇంత తక్కువ కూలికి, సొంత పొలమూ పశువులూ ఉన్న రైతు తనంతట తాను రాడు. అందుకని రాక తప్పని పరిస్థితి కల్పించారు. ముందు గుడిసె పన్ను వచ్చింది; దాన్ని ధాన్యంతో కాదు, నగదుతో కట్టాలి. 1894లో కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్ గ్లెన్ గ్రే చట్టం తెచ్చాడు. ఏడాదిలో కొంతకాలమైనా జిల్లా దాటి కూలికి పోని మగవాడి మీద 10 షిల్లింగుల పన్ను వేసిన చట్టమిది. పనికి పోవడమనే గొప్ప గుణాన్ని నేర్పడానికే ఇదంతా అని ఏలినవారు చెప్పుకున్నారు. 1896–97లో రిండర్‌పెస్ట్ అనే పశువుల తెగులు మందలకు మందలను తుడిచిపెట్టింది. పెళ్లికి ఓలిగా పశువులు ఇచ్చే సమాజంలో మంద పోయిందంటే పాడి ఒక్కటే కాదు, కొడుకు పెళ్లి కూడా ఆగిపోయినట్టే. ఓలి సొమ్ము సంపాదించడానికి కుర్రాళ్లు గనుల దారి పట్టారు. 1913 నాటి భూమి చట్టం మిగిలిన పని పూర్తి చేసింది. జనాభాలో అత్యధికులైన నల్లవాళ్లకు దేశంలోని భూమిలో దాదాపు 7 శాతం వదిలి, మిగతా చోట కొనుక్కునే హక్కు తీసేసింది. ఆ వాటా తర్వాత 13 శాతానికి పెరిగింది, అది కూడా చాలావరకు కాగితం మీద.

ఊరూరా తిరిగి కూలీలను పోగు చేసే దళారుల వ్యవస్థ కూడా తయారైంది. పాలమూరు కూలీలను పోగు చేసే గుంపు మేస్త్రీ లాగే ఇక్కడి దళారీ కూడా కరువు నాడు వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, వేలిముద్ర వేయించుకునేవాడు. చాంబర్ ఈ దళారులను కూడా తన గుప్పిట్లోకి తెచ్చుకుంది. మొజాంబిక్, ఇతర దూర దేశాల నుంచి మనుషులను తేవడానికి 1900లో ఒక సంస్థ ఏర్పడింది. జనం నోట్లో అది 'వెనేలా' అయింది. దేశంలోపలా, లెసోతో వంటి ఇరుగు పొరుగు ప్రాంతాల్లోనూ చేర్చుకోవడానికి 1912లో ఇంకొకటి వచ్చింది. బోయర్ యుద్ధం తర్వాత ఆఫ్రికన్లు తగ్గించిన కూలికి రాకపోతే 1904 నుంచి 60 వేల మందికి పైగా చైనా కూలీలను ఓడల మీద దింపారు. తెల్లవాళ్ల నిరసనల మధ్య 1910 నాటికి వాళ్లందరినీ వెనక్కి పంపేశారు. మొజాంబిక్ కూలీల విషయంలో 1928 తర్వాత మరో ఏర్పాటు నడిచింది: కూలిలో కొంత భాగం మనిషి ఇంటికి తిరిగి వెళ్లాకే దక్కుతుంది. ఈలోగా మొజాంబిక్‌ను ఏలుతున్న పోర్చుగీసు ప్రభుత్వం ఆ మొత్తాన్ని గనుల నుంచి బంగారం రూపంలో పుచ్చుకునేది. మనిషి ఓడ్చిన చెమట మీద రెండు ప్రభుత్వాలు వ్యాపారం చేశాయి.

కాంపౌండ్‌లో రోజులు

గని కార్మికుణ్ని ఉంచే చోటుకు కాంపౌండ్ అని పేరు. తర్వాతి కాలంలో హాస్టల్ అన్నారు. ఈ పద్ధతి కింబర్లీ వజ్రాల గనుల్లో మొదలైంది. దొంగతనం ఆపడానికని అక్కడ కూలీలను కంచె దాటనిచ్చేవారు కాదు. రాండ్‌లో దొంగతనం భయం అంతగా లేకపోయినా కాంపౌండ్ పద్ధతి యజమానులకు నచ్చింది. మనిషి పారిపోడు, వేళకు షిఫ్టుకు దిగుతాడు, వందల మందికి ఒకే వంటశాల సరిపోతుంది. పొడవాటి గదుల్లో గోడల వెంట అరల్లాగా సిమెంటు పడకలు ఉండేవి. ఒక్కో గదిలో ఇరవై మంది, కొన్నిచోట్ల అంతకు మించి. భాష, తెగ చూసి గదులు కేటాయించేవారు. గొడవలు తగ్గుతాయని చెప్పేవారు గానీ, ఒక తెగ సమ్మె చేస్తే ఇంకొక తెగను దించడానికి కూడా అది పనికొచ్చింది.

కొత్తగా వచ్చినవాణ్ని నేరుగా గనిలోకి దించేవారు కాదు. గని అడుగున రాయి వేడి భరించాలంటే ఒళ్లు అలవాటు పడాలి. అందుకని ఆవిరి నింపిన గదిలో, వరసగా నిలబెట్టి, తాళానికి తగ్గట్టు దిమ్మ ఎక్కుతూ దిగుతూ ఉండమనేవారు. కొన్ని రోజుల పాటు రోజూ గంటల తరబడి ఇదే పని. మధ్యమధ్య నోట్లో థర్మామీటర్ పెట్టి చూసేవారు. తట్టుకున్నవాడు షాఫ్టులోకి, తట్టుకోనివాడు ఇంటికి. ఆపైన తెల్లవారక ముందే లేవడం, ఇనుప బోనులో కిక్కిరిసి నిలబడి కిలోమీటర్ల లోతుకు దిగడం, నిలబడే చోటు లేని సందులో వంగి డ్రిల్లు పట్టడం. అన్ని తెగలకూ అర్థమయ్యేలా ఫనగలో అనే కలగూరగంప భాష ఒకటి గనుల్లో వాడుకలో ఉండేది. దానిలో ఎక్కువగా ఉన్నవి ఆజ్ఞలే.

కాంట్రాక్టు ఆరు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా. అది అయ్యాక ఇంటికి వెళ్లి రావాల్సిందే. భార్యను తెచ్చుకునే వీలు లేదు. 1952 తర్వాతి నిబంధనల ప్రకారం అనుమతి లేని నల్లవాళ్లు పట్టణంలో 72 గంటలకు మించి ఉండకూడదు. పాస్ పుస్తకం చూపించలేకపోతే అరెస్టు. ఆడవాళ్లకూ పాసులు పెట్టడాన్ని నిరసిస్తూ 1956 ఆగస్టు 9న దాదాపు 20 వేల మంది మహిళలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనాల దాకా నడిచారు. పాసులు ఆగలేదు.

కాంపౌండ్ గోడల మధ్య మగవాళ్లు తమ లోకం తాము కట్టుకున్నారు. ఆదివారం బూట్లతో తాళం వేసే నృత్యాలు, యాజమాన్యాలు నడిపే బీరు హాళ్లు, వడ్డీ వ్యాపారాలు. పెద్ద కార్మికులు కుర్రాళ్లను 'గని భార్యలు'గా ఉంచుకుని, బట్టలు ఉతికించుకుని, బదులుగా బహుమతులూ రక్షణా ఇచ్చే ఆచారం ఒకటి ఉండేది. 1907లో ప్రభుత్వం దీని మీద విచారణ కూడా జరిపించింది. పట్టణంలో డబ్బు తగలేయకుండా, జబ్బులు అంటించుకోకుండా ఇంటికి ఓలి సొమ్ము చేర్చడానికి అది ఒక దారి అని పాత కార్మికులు డన్‌బార్ మూడీ అనే పరిశోధకుడికి చెప్పారు. కంచె బయట మాత్రం వేరే లోకం ఉండేది. భర్త డబ్బు పంపక, పొలం పండక లెసోతో నుంచీ ట్రాన్స్‌కై నుంచీ వచ్చిన ఆడవాళ్లు గని గేట్ల ఎదురుగా రేకుల పాకలు వేసుకుని, ఇంట్లో కాచిన సారాయి అమ్మేవారు. కొందరు శరీరమూ అమ్ముకునేవారు. చట్టం లెక్కలో వాళ్లు అక్కడ లేనట్టే. కాబట్టి నీళ్లు, కరెంటు, ఆస్పత్రి వాళ్ల దాకా రాలేదు.

ముందే చెప్పిన డాక్టరు

హెచ్‌ఐవీ పేరు పుట్టకముందే ఈ దారిని ఒక డాక్టరు గీసి చూపించాడు. సిడ్నీ కార్క్, ఆయన భార్య ఎమిలీ కార్క్ 1940లో నటాల్ కొండల్లోని ఫొలేలా అనే గ్రామీణ ప్రాంతంలో ఆరోగ్య కేంద్రం తెరిచారు. మందులిచ్చి పంపించేయడం వాళ్ల పద్ధతి కాదు. ఇంటింటికీ తిరిగి ఎవరు ఏం తింటున్నారు, ఎవరు ఎక్కడికి పనికి పోయారు, ఎవరికి ఏ జబ్బు అని రాసుకునేవారు. ఆ లెక్కల్లో సిఫిలిస్ పదే పదే ఎదురైంది. వలస పోయిన మగవాడు తెచ్చేది, భార్యకు అంటేది, పుట్టిన బిడ్డ దాకా పోయేది.

1949లో కార్క్ ఒక వైద్య పత్రికలో సిఫిలిస్ సామాజిక మూలాల గురించి వ్యాసం రాశాడు. రైళ్లు, గనులు రాకముందు ఈ ప్రాంతపు పల్లెల్లో పెద్దగా లేని జబ్బు, పోయిన కూలీలు తిరిగొచ్చే కొద్దీ పాకిందని అందులో చూపించాడు. పెన్సిలిన్ అప్పటికే వచ్చింది. అయినా ఆయన చెప్పిన మందు పెన్సిలిన్ కాదు. మగవాళ్లను కుటుంబాల నుంచి విడదీసే కూలి పద్ధతి ఉన్నంతకాలం ఒకరికి నయం చేస్తే ఇంకొకరు తెచ్చుకుంటూనే ఉంటారన్నాడు. పనిచేసే చోట కాపురం పెట్టుకోనివ్వడమే అసలు చికిత్స అన్నాడు. అప్పటికి ఏడాది కిందటే జాతివివక్షను రాజ్యవిధానంగా చేసుకున్న నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ఫొలేలా లాంటి కేంద్రాలకు డబ్బు ఎండిపోయింది. కార్క్ దంపతులు 1950ల చివర్లో దేశం విడిచి జెరూసలేం చేరారు. ఆ వ్యాసంలో సిఫిలిస్ అన్న చోటల్లా హెచ్‌ఐవీ అని రాసుకుంటే 1990ల దక్షిణాఫ్రికాకు అది అతికినట్టు సరిపోతుందని తర్వాతి తరం పరిశోధకులు గుర్తించారు.

క్షయ కథ ఇంకా పాతది. బంగారపు రాయిలో సిలికా ఉంటుంది. డ్రిల్లు వేసినప్పుడు లేచే ఆ ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వస్తుంది. అలా దెబ్బతిన్న ఊపిరితిత్తికి క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. దగ్గుతున్న కూలీని గని ఇంటికి పంపేసేది. ఆస్పత్రి లెక్కలో అతను తగ్గిపోతాడు, ఊరి లెక్క ఎవరూ రాయరు. ఉత్తరాది వేడి ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు న్యుమోనియాతో మరీ ఎక్కువగా చనిపోతుంటే 1913లో ప్రభుత్వం వాళ్ల చేరికలు నిషేధించింది. అంటే జబ్బు గురించి పాలకులకు తెలియక కాదు. తెలిసినప్పుడు పట్టిన దారి మనిషిని వెనక్కి పంపడం, పద్ధతిని అలాగే ఉంచడం.

నూటికి ముగ్గురు

కాపురాలు పెట్టుకోనివ్వాలన్న మాట ఒక్క డాక్టరు నోట వచ్చిందే కాదు. 1950ల్లో ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లో వెల్కమ్ చుట్టూ కొత్త గనులు తెరుచుకున్నప్పుడు ఆంగ్లో అమెరికన్ కంపెనీ అధిపతి ఎర్నెస్ట్ ఓపెన్‌హైమర్ ఒక ప్రతిపాదన పెట్టాడు: నల్ల కార్మికుల్లో నూటికి పది మందిని భార్యాబిడ్డలతో కంపెనీ ఇళ్లలో ఉంచుతానన్నాడు. దయతో అన్నది కాదు. పని నేర్చినవాడు ఏడాదికొకసారి వెళ్లిపోతుంటే కంపెనీకి నష్టం. అప్పటి స్థానిక వ్యవహారాల మంత్రి, తర్వాత ప్రధాని అయిన హెండ్రిక్ వెర్‌వూర్డ్ ఒప్పుకోలేదు. నల్లవాడు పట్టణానికి కూలీగా రావాలి, పౌరుడిగా కాదన్నది ఆయన సిద్ధాంతం. నూటికి ముగ్గురు అని గీత గీశాడు. దేశంలోకెల్లా పెద్ద పెట్టుబడిదారూ జాతివివక్షకు శిల్పిలాంటి మంత్రీ తలపడిన ఈ పోరులో మంత్రి నెగ్గాడు. మిగతా 97 మంది హాస్టళ్లలోనే ఉండిపోయారు. అయితే ఆ మూడు శాతం ఇళ్లు కూడా పూర్తిగా కట్టని గనులు చాలా ఉన్నాయన్నది మర్చిపోకూడదు, హాస్టల్ చౌక.

1980ల నడుమ బంగారు గనుల్లో 5 లక్షల మందికి పైగా పనిచేసేవారు. అందులో పెద్ద వాటా లెసోతో, మొజాంబిక్, బోట్స్వానా, స్వాజీలాండ్, మలావీల నుంచి వచ్చినవాళ్లది. లెసోతోలోనైతే గనికి మనిషిని పంపని ఊరు దాదాపు లేదు.

వైరస్ వచ్చింది

1986లో చాంబర్ ఆఫ్ మైన్స్ దాదాపు 30 వేల మంది కార్మికుల రక్తం పరీక్షించింది. దక్షిణాఫ్రికా, లెసోతో, మొజాంబిక్ వాళ్లలో హెచ్‌ఐవీ దాదాపు లేదు. మలావీ వాళ్లలో మాత్రం నూటికి దాదాపు నలుగురిలో కనిపించింది. వ్యాధి మొగ్గలోనే దొరికిన అరుదైన సందర్భమిది. ఆ సమయంలో చికిత్స లేకపోయినా చేయగలిగింది చాలా ఉంది. గని ఆస్పత్రుల్లో సుఖవ్యాధులకు మంచి వైద్యం, కండోమ్‌లు, అన్నిటికంటే ముఖ్యంగా కుటుంబాలకు ఇళ్లు.

జరిగింది వేరు. మలావీ కార్మికులకు ముందే పరీక్ష చేసి పంపాలని చాంబర్ పట్టుబట్టింది. మలావీ అధ్యక్షుడు హేస్టింగ్స్ బండా ప్రభుత్వం ససేమిరా అంది. ఆయనకు గనులతో పాత తకరారు ఉంది. 1974లో కార్మికులను తీసుకెళ్తున్న వెనేలా విమానం ఫ్రాన్సిస్‌టౌన్ దగ్గర కూలి 70 మందికి పైగా చనిపోతే ఆయన మూడేళ్ల పాటు కూలీలను పంపడమే ఆపేశాడు. 1988 నుంచి 1992 లోగా దాదాపు 13 వేల మంది మలావీ కార్మికులు ఇంటిదారి పట్టారు. చాంబర్ అప్పటికే విదేశీయులను తగ్గించుకోవాలనుకుంటోందని, ఎయిడ్స్ దానికి సాకు అయిందని చరిత్రకారుడు వైజ్‌మన్ చిర్వా వాదించాడు. ఆ వాదనలో బలముంది, ఎందుకంటే పొరుగు దేశాల నుంచి వచ్చే లక్షలాది మిగతా కార్మికుల విషయంలో అంత పట్టుదల కనబడదు.

1982లో పుట్టిన నేషనల్ యూనియన్ ఆఫ్ మైన్‌వర్కర్స్‌కు అప్పట్లో ప్రధాన కార్యదర్శి సిరిల్ రామఫోసా, ఇప్పటి దేశాధ్యక్షుడు. నిర్బంధ పరీక్షలను యూనియన్ తిప్పికొట్టింది. వైరస్‌ను వెతకడం సరే, మగవాళ్లను పశువుల దొడ్డిలో పెట్టే హాస్టల్ పద్ధతి సంగతి ఏమిటని అడిగింది. 1987లో 3 లక్షల మంది దాకా పాల్గొన్న సమ్మె మూడు వారాలు సాగి, వేలాది మంది ఉద్యోగాలు పోవడంతో ముగిసింది. యాజమాన్యం చెప్పే ఆరోగ్య సలహాలను కార్మికుడు నమ్మే పరిస్థితి ఆ తర్వాత ఇంకా తగ్గింది. ఎయిడ్స్ అన్నది నల్లవాళ్లు పిల్లలను కనకుండా చేయడానికి తెల్లవాళ్లు అల్లిన కథ అని హాస్టళ్లలో గట్టిగా అనుకునేవారు. నూరేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు అలా అనిపించడంలో ఆశ్చర్యపోవాల్సింది లేదు.

వైరస్ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. గర్భిణుల రక్త పరీక్షల్లో దేశవ్యాప్తంగా 1990లో నూటికి ఒకరి కంటే తక్కువగా ఉన్న హెచ్‌ఐవీ, 1994లో 7.6 శాతానికి, 1998లో 22.8 శాతానికి, 2005లో 30.2 శాతానికి చేరింది. ఇంత వేగం ప్రపంచంలో అతి కొద్ది దేశాలే చూశాయి.

కార్ల్‌టన్‌విల్

జొహానెస్‌బర్గ్‌కు పడమరన ఉన్న కార్ల్‌టన్‌విల్ చుట్టూ ప్రపంచంలోకెల్లా లోతైన గనులున్నాయి. 1990ల చివర్లో అక్కడ దాదాపు 70 వేల మంది గని కార్మికులు, అత్యధికులు హాస్టళ్లలో. పక్కనే ఖుట్సాంగ్ అనే నల్లవాళ్ల బస్తీ. గనుల అంచున ఆడవాళ్ల రేకుల పాకలు. అక్కడ జరిపిన సర్వేలో గని కార్మికుల్లో నూటికి దాదాపు 29 మందికి, గని అంచున బతికే సెక్స్‌వర్కర్లలో మూడింట రెండు వంతుల మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది.

ఆ కార్మికులతో కూర్చుని మాట్లాడిన మనస్తత్వ శాస్త్రవేత్త కేథరిన్ క్యాంబెల్ పరిశోధన ఈ కథలో ముఖ్యమైనది. ఆమె మాట్లాడినవాళ్లకు హెచ్‌ఐవీ గురించి తెలుసు. అది ఎలా అంటుతుందో, కండోమ్ ఎందుకో చాలామంది చెప్పగలిగారు. అయినా జాగ్రత్త పడకపోవడానికి కారణం గని పనిలోనే ఉంది. ఇరవై ఏళ్లు గనిలో పనిచేసేవాడు ప్రమాదంలో చనిపోయే అవకాశం 2.9 శాతం, పెద్ద గాయం తగిలే అవకాశం 42 శాతం అని ఆమె ఉటంకించిన లెక్క. 1986లో కిన్రాస్ గనిలో మంటలు లేచి ఒక్కరోజే 177 మంది చనిపోయారు. రేపు రాయి మీద పడితే పోయే మనిషికి పదేళ్ల తర్వాత చంపే వైరస్ ఏమంత భయపెడుతుంది? బోనులో దిగాలంటే ధైర్యం కావాలి. ధైర్యమే మగతనమని కొత్తవాడికి మొదటి రోజే నూరిపోస్తారు. ఆ మగతనం ఆడవాళ్ల వెంటపడడం దాకా, కండోమ్ విసిరేయడం దాకా సాగేది. ఇంటికి దూరమైనవాడికి దక్కే కాస్త దగ్గరితనం కూడా ఆ పాకల్లోనే ఉండేది. పాకలో ఉన్న ఆడమనిషి కండోమ్ లేకుండా వద్దంటే పక్క పాకలో ఆమె ఒప్పుకుంటుంది. ఆ పూట తిండి అటు పోతుంది.

ఈ చోటనే పెట్టిన మోథుసింపిలో ప్రాజెక్టు తోటి సెక్స్‌వర్కర్ల చేతనే ప్రచారం చేయించడానికి ప్రయత్నించింది. ఆడవాళ్లు తమలో తాము సంఘటితం కావడం వరకు అది కొంత సాధించింది. గని కంపెనీలూ యూనియన్లూ మనస్ఫూర్తిగా చేయి కలపలేదు, హాస్టళ్లలోని మగవాళ్ల దాకా పని అంతగా చేరలేదు. క్యాంబెల్ 2003లో రాసిన పుస్తకం ఆ వైఫల్యం గురించే. ఫ్రీ స్టేట్‌లోని వర్జీనియా పట్టణంలో 1996లో మొదలైన లెసెడి ప్రాజెక్టు దారి వేరు. గని చుట్టుపక్కల ఆడవాళ్లకు నెలకోసారి సుఖవ్యాధుల పరీక్ష చేసి అజిత్రోమైసిన్ ఇచ్చారు. సుఖవ్యాధి పుండు ఉంటే హెచ్‌ఐవీ తేలిగ్గా అంటుతుంది కాబట్టి ముందు ఆ పుండ్లను మాన్పాలన్నది ఆలోచన. ఆ ఆడవాళ్లలోనే కాక దగ్గరి గని కార్మికుల్లోనూ సుఖవ్యాధులు తగ్గాయి. వైద్యం ఇస్తే ఫలితం ఉందని తేలినా, అలాంటి కేంద్రాలు గని గనికీ రాలేదు.

ఎవరు ఎవరికి అంటించారు

మగవాడు గని నుంచి జబ్బు తెచ్చి భార్యకు అంటిస్తాడన్నది అందరికీ తెలిసిన కథ. మార్క్ లూరీ, ఆయన సహచరులు క్వాజులు-నటాల్ పల్లెల్లో ఆ కథను నిజంగా కొలిచి చూశారు. వలస పోయిన భర్తలున్న జంటలనూ ఊళ్లోనే ఉన్న భర్తల జంటలనూ పోల్చారు. వలస పోయిన మగవాళ్లలో నూటికి దాదాపు 26 మందికి హెచ్‌ఐవీ ఉంది, ఊళ్లో ఉన్నవాళ్లలో 13 మందికి. ఇంతవరకు ఊహించినదే. జంటలో ఒక్కరికే వైరస్ ఉన్న ఇళ్లను విడిగా చూస్తే, వాటిలో మూడింట ఒక వంతుకు దగ్గరగా భార్యకు ఉంది, భర్తకు లేదు.

కొందరు దీన్ని ఆడవాళ్ల నడత మీదికి తోసేశారు. అది లెక్కను తప్పుగా అర్థం చేసుకోవడం. భర్త ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తాడు, పంపే డబ్బు నెలనెలా అందదు, దున్నేవాడు ఊళ్లో లేడు. పిల్లల తిండి కోసమో తోడు కోసమో ఆమెకు కూడా ఇంకొక సంబంధం ఏర్పడవచ్చు. కాపురాన్ని రెండు ముక్కలు చేసిన పద్ధతి రెండు కొసల్లోనూ ముప్పు తెచ్చిందన్నదే లూరీ లెక్క చెప్పే నిజం. హెచ్‌ఐవీ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లో రక్తంలో వైరస్ మోతాదు అత్యధికంగా ఉంటుంది, మనిషికి మాత్రం మామూలు జ్వరంలా ఉండి పోతుంది. క్రిస్మస్‌కో ఈస్టర్‌కో లక్షల మంది ఒకే వారంలో బస్సుల్లో, రైళ్లలో ఊళ్లకు తరలిపోయే దేశంలో ఆ కొద్ది వారాలు చాలు.

తలుపులు తెరిచాక

పాస్ చట్టాలు 1986లో రద్దయ్యాయి. 1994లో జాతివివక్ష పాలన ముగిసింది. కార్క్ అడిగింది ఇప్పుడు వీలవుతుందనుకున్నారు. కంపెనీలు హాస్టళ్లు ఖాళీ చేయించి, బయట ఉండేవాళ్లకు ఇంటి భత్యం ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ భత్యం మిగుల్చుకుని ఊరికి పంపాలంటే రేకుల పాక తప్ప దిక్కులేదు. 2002లో జరిగిన జాతీయ సర్వేలో హెచ్‌ఐవీ అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది పట్టణాల అంచు పాకల బస్తీల్లోనే. కాపురం పెట్టుకునే హక్కు వచ్చింది, ఇల్లు రాలేదు.

అదే కాలంలో బంగారం ధర పడిపోయి గనుల్లో ఉద్యోగాలు సగానికి మించి తగ్గాయి. పనిపోయినవాళ్లు జబ్బుతో సహా ఊళ్లకు చేరారు. సిలికోసిస్‌తో దెబ్బతిన్న ఊపిరితిత్తి, దానికి హెచ్‌ఐవీ తోడు. ఈ రెండూ కలిస్తే క్షయ ముప్పు రెండింటి మొత్తం కాదు, ఒకదాన్ని ఇంకొకటి హెచ్చించినట్టు పెరుగుతుందని గనుల్లోనే జరిగిన పరిశోధన చూపించింది. లెసోతోలో మగవాళ్ల సంపాదన ఆగిపోయాక ఆడవాళ్లు ఇల్లు విడిచి రాజధాని మసేరులోని బట్టల మిల్లులకు వలస పోయారు. వలస ఆగలేదు, వలసపోయే మనిషి మారింది. వయోజనుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న దేశంగా లెసోతో లెక్కల్లోకెక్కింది.

మందులు ఆలస్యంగా వచ్చాయి. 2001లో బొంబాయికి చెందిన సిప్లా కంపెనీ మూడు మందుల కలయికను మనిషికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామనడం, దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద వేసిన కేసును 39 మందుల కంపెనీలు వెనక్కి తీసుకోవడం ఒకే ఏడాది జరిగాయి. తర్వాతి సంవత్సరాల్లో హైదరాబాద్ కంపెనీలైన హెటెరో, అరబిందో ఆఫ్రికాకు ఈ మందులు పెద్ద ఎత్తున సరఫరా చేశాయి. అప్పటి దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న దానిమీదే అనుమానాలు లేవనెత్తుతూ కాలం గడిపాడు. 2002 ఆగస్టులో ఆంగ్లో అమెరికన్ తన కార్మికులకు ఉచితంగా మందులిస్తానని ప్రకటించింది. ప్రభుత్వం 2004లో మొదలుపెట్టింది. కంపెనీ మందు కార్మికుడికే. ఊళ్లో ఉన్న భార్యకు ప్రభుత్వ క్లినిక్ ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడే. సిలికోసిస్ బాధితులు వేసిన ఉమ్మడి కేసులో కంపెనీలు దాదాపు 500 కోట్ల ర్యాండ్లు కట్టే ఒప్పందాన్ని కోర్టు 2019లో ఆమోదించింది. హెచ్‌ఐవీ విషయంలో అలాంటి లెక్క ఏ కోర్టూ తేల్చలేదు.

వచ్చే భాగం

దక్షిణ ఆఫ్రికాను ముంచిన సబ్‌టైప్ సి రకమే భారతదేశంలోని హెచ్‌ఐవీలో అత్యధిక భాగం. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలో తొలి కేసులు బయటపెట్టింది. వచ్చే భాగం అక్కడ మొదలై, తెలంగాణ నుంచి వెళ్లిన కామాఠీల పేరు మోస్తున్న బొంబాయి కామాఠీపురా మీదుగా, లారీల దారిలో కోస్తా జిల్లాలకూ పాలమూరు పల్లెలకూ చేరుతుంది. అక్కడ పాస్ చట్టాలు లేవు. పాలమూరు నుంచి ఆలుమగలు జంటగా పనికి పోయిన కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. అయినా 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీ దేశ సగటు 0.28 శాతం ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం.